చర్మం పొట్టు తీయడం: ఇంట్లో ఎంతవరకు, క్లినిక్‌లో ఎక్కడి నుంచి

10 శాతం గ్లైకాలిక్ యాసిడ్ అని రాసి ఉన్న సీసాలు రెండు తీసుకుందాం. ఒకటి రాసుకుంటే ఏమీ తెలియదు. రెండోది రాసిన నిమిషానికే చర్మం చురచురలాడుతుంది. శాతం ఒకటే అయినా పని వేరు. ఎందుకంటే గ్లైకాలిక్ యాసిడ్ చర్మంలోకి బాగా దిగేది విడి యాసిడ్‌గా ఉన్నప్పుడే. లవణంగా మారిన భాగం చాలావరకు పైనే ఉండిపోతుంది. ఏది ఎంత ఉంటుందో తేల్చేది పీహెచ్, అంటే ఆమ్లత్వాన్ని చూపే కొలత. ఆ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. పీహెచ్ 3.8 దగ్గర సగం విడి యాసిడ్, సగం లవణం. 4.8కి పెరిగితే విడి యాసిడ్ పదో వంతుకు కాస్త తక్కువే. 2.8కి తగ్గితే తొంభై శాతం దాటుతుంది. అంటే మొదటి సీసాలో నిజంగా పనిచేసేది ఒక శాతం, రెండోదానిలో తొమ్మిది శాతం అయి ఉండొచ్చు.

ఎక్స్‌ఫోలియేషన్, అంటే చర్మం పొట్టు తీయడం, ఇంట్లో చేసుకోవాలా, క్లినిక్‌లో చేయించుకోవాలా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. సీసా మీది అంకెలను పోల్చుకుంటే దారి తప్పుతాం. చూడాల్సింది, వాడే మందు చర్మంలో ఎంత లోతుకు దిగుతోంది, అది దిగుతున్నంతసేపూ దాన్ని కనిపెట్టి ఆపగలిగేవాళ్లు పక్కన ఉన్నారా అన్నది.

తీసేది ఏ పొరను?

చర్మానికి అన్నిటికన్నా పైన ఉండే మృతకణాల పొర ముఖం మీద 10 నుంచి 20 మైక్రాన్ల మందం ఉంటుంది. మామూలు రాతకాగితం మందంలో ఐదో వంతు కూడా దాటదు. అందులోనే పదిహేను, ఇరవై వరుసల చదునైన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటిని మేకులు కొట్టినట్టు పట్టి ఉంచేవి కొన్ని ప్రొటీన్లు. ఎంజైములు ఆ మేకులను కొద్దికొద్దిగా కోస్తుంటే పై వరుస మన కంటికి కనిపించకుండానే రాలిపోతుంది. కింద పుట్టిన కణం పైకి వచ్చి రాలడానికి యువ వయసులో సుమారు నాలుగు వారాలని సాధారణంగా చెబుతారు. వయసు పెరిగేకొద్దీ ఈ గడువు సాగుతుంది.

ఆ ఎంజైములకు తేమ కావాలి, తగిన ఆమ్లత్వం కావాలి. చర్మం ఎండిపోతే వాటి పని మందగిస్తుంది. కణాలు ఒక్కొక్కటిగా రాలడం మాని గుంపులుగా అంటుకుని ఉండిపోతాయి. మనం పొట్టు అనేది దీన్నే. ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉండటంతో వెలుతురు చెదిరిపోయి ముఖం కళ తప్పినట్టు కనిపిస్తుంది. కాబట్టి పొట్టు లేచిన ముఖాన్ని వెంటనే స్క్రబ్‌తో రుద్దడం చాలాసార్లు తప్పుడు వైద్యం. రెండు వారాలు మాయిశ్చరైజర్ సరిగా రాస్తే సగం పొట్టు దానంతట అదే పోతుంది.

ఏ సమస్య ఏ లోతులో ఉంటుందో తెలిస్తే ఎంపిక తేలిక. గరుకుదనం, కళ లేకపోవడం, బ్లాక్‌హెడ్స్ పై పొరకు సంబంధించినవి. ఎండ వల్లో మొటిమల వల్లో వచ్చిన గోధుమ రంగు మచ్చలు చాలావరకు దాని కింది సజీవ కణాల పొరలో ఉంటాయి. మంగు మచ్చల్లో రంగు ఆ పొరలోనూ ఉండొచ్చు, ఇంకా కిందికీ జారి ఉండొచ్చు. మొటిమలు మిగిల్చిన గుంటలు అసలు చర్మంలో, అంటే కొల్లాజెన్ ఉండే లోపలి పొరలో ఉంటాయి. స్క్రబ్‌తో ఎన్నేళ్లు రుద్దినా గుంటలు పూడవు. రుద్దుడు అంత లోతుకు చేరితే అది గాయమే అవుతుంది.

ఇంట్లో సాధ్యమయ్యేది

స్క్రబ్ గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. గింజలు గుండ్రంగా, మెత్తగా ఉండాలి. చర్మం తడిగా ఉండాలి. గోరువెచ్చని నీళ్లతో, వేలి కొసలతో చిన్న సున్నాలు చుడుతూ ముప్పై సెకన్లలో ముగించాలి. ఎర్రగా వాచిన మొటిమల మీదికి అసలు పోకూడదు. పెంకుల పొడితో చేసిన స్క్రబ్‌లలో రేణువులకు పదునైన అంచులుంటాయి, వాటిని ముఖానికి దూరంగా ఉంచడమే మేలు. ఒకప్పుడు విరివిగా వాడిన ప్లాస్టిక్ గింజలు నీళ్లలో కలిసి చెరువులు, సముద్రాలకు చేరుతున్నాయని అమెరికా 2015లో చట్టం చేసి నిషేధించింది. స్క్రబ్‌కు ఉన్న అసలు లోపం వేరే ఉంది. ఒత్తిడికి కొలత ఉండదు. చెంప ఎముక, ముక్కు దూలం లాంటి ఎత్తైన చోట్ల ఎక్కువ రాపిడి పడుతుంది, ముక్కు పక్కల మడతల్లో దాదాపు పడదు. పొట్టు పేరుకునేదేమో ఆ మడతల్లోనే.

ఇంటి వాడకానికి యాసిడ్లే మేలు అనడానికి కారణం ఇది. అవి అన్ని చోట్లా ఒకేలా పరుచుకుంటాయి, మోతాదు చేతిలో ఉంటుంది. గ్లైకాలిక్ అణువు ఈ కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది, అందుకే వేగంగా దిగుతుంది, మంటా ఎక్కువే. లాక్టిక్ కాస్త నెమ్మది, తేమను కూడా పట్టి ఉంచుతుంది. మాండెలిక్ అణువు గ్లైకాలిక్‌కు రెట్టింపు బరువు, అందుకే నిదానంగా దిగుతుంది. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరిగే రకం కావడంతో జిడ్డు నిండిన రంధ్రాల్లోకి చొరబడగలదు. బ్లాక్‌హెడ్స్, మొటిమలు ఉన్నవాళ్లకు 0.5 నుంచి 2 శాతం సాలిసిలిక్, పొడి చర్మానికి 5 శాతం లాక్టిక్, దేన్నీ తట్టుకోలేని చర్మానికి గ్లూకోనోలాక్టోన్ లాంటి పెద్ద అణువులున్నవి మంచి ఆరంభం.

వాడే పద్ధతి పట్ల శ్రద్ధ అవసరం. ముందుగా చెవి వెనుకో, ముంజేతి లోపలి వైపో కొద్దిగా రాసి 48 గంటలు చూడాలి. తర్వాత రాత్రి పూట, గాఢత లేని క్లెన్సర్‌తో కడిగి, తుడిచి, చర్మం పూర్తిగా ఆరాక రాయాలి. తడి చర్మం మీద యాసిడ్ త్వరగా దిగి మంట పెంచుతుంది. ద్రవమైతే ముఖమంతటికీ ఒక మిల్లీలీటరు చాలు. కనురెప్పలు, ముక్కు రంధ్రాల అంచులు, పెదవుల మూలలు వదిలేయాలి. పైన మాయిశ్చరైజర్. ఆ రాత్రి రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం చర్మపు మందు) వద్దు. మొదటి మూడు వారాలు వారానికి రెండు రాత్రులకు మించకూడదు. ఏ ఇబ్బందీ లేకపోతే రోజు మార్చి రోజుకు పెంచుకోవచ్చు. చాలా చర్మాలకు వారానికి రెండు మూడు రాత్రులే చాలు. నునుపు మూడు నాలుగు వారాల్లో తెలుస్తుంది. మచ్చల రంగు తగ్గడానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఉదయం సన్‌స్క్రీన్ రాయలేని వాళ్లు గ్లైకాలిక్, లాక్టిక్ లాంటివి మొదలుపెట్టకపోవడమే మంచిది. ఈ రకం యాసిడ్లు వాడుతున్నప్పుడు చర్మం ఎండకు త్వరగా కందుతుంది. మానేశాక కూడా వారం పాటు జాగ్రత్త అవసరమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే లేబుళ్ల మీద హెచ్చరిక సూచించింది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా పిండిన రెండు గీతలంత ముఖానికీ మెడకూ రాయాలి.

ఒళ్లు విషయం వేరు. చేతుల మీద, తొడల మీద కోడి చర్మంలా వచ్చే గరుకు బొడిపెలను స్క్రబ్‌తో రుద్దితే ఎర్రబడటమే తప్ప తగ్గవు. 10 నుంచి 20 శాతం యూరియా క్రీమో, 12 శాతం లాక్టిక్ లోషనో రోజూ రాస్తే నునుపెక్కుతాయి, మానేస్తే మళ్లీ వస్తాయి.

ఇంట్లో జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. దాన్ని గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే మొదట్లో బాగున్నట్టే కనిపిస్తుంది. ఉదయం యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్, సాయంత్రం యాసిడ్ టోనర్, రాత్రి రెటినాయిడ్, వారాంతంలో స్క్రబ్. విడివిడిగా ఏదీ ఎక్కువ కాదు, కలిస్తే భారం. రెండో వారానికి చర్మం బిగుతుగా, ప్లాస్టిక్ పొరలా మెరుస్తుంది. దాన్ని నిగారింపు అనుకుంటారు. తర్వాత ఎప్పుడూ మండని మాయిశ్చరైజర్ మండుతుంది. మామూలు నీళ్లు తగిలినా చిమచిమలాడుతుంది. నుదుటి మీద, చెంపల మీద సన్నని పొక్కులు లేస్తాయి. అవి మొటిమలని భ్రమపడి యాసిడ్ ఇంకాస్త పెంచుతారు. అక్కడితో చక్రం పూర్తవుతుంది. దీనికి మందు, అన్నీ ఆపేయడం. రెండు నుంచి నాలుగు వారాలు గాఢత లేని క్లెన్సర్, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న మాయిశ్చరైజరో పెట్రోలియం జెల్లీయో, సన్‌స్క్రీన్ తప్ప ఇంకేదీ ముఖానికి తగలకూడదు.

క్లినిక్‌లో జరిగేది

యాసిడ్లతో చర్మం పొరలు తీయడం కొత్తదేమీ కాదు. జర్మన్ చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా (Unna) 1882లోనే సాలిసిలిక్ యాసిడ్, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ చర్మం మీద ఎలా పనిచేస్తాయో రాశాడు. గ్లైకాలిక్, లాక్టిక్ కుటుంబం చర్మవైద్యంలో బలంగా అడుగుపెట్టింది 1974లో, వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు పరిశోధకులు పొలుసుల చర్మవ్యాధి మీద వాటి ప్రభావం చూపాక.

ఇలా యాసిడ్ పూసి పొరలు తీసే చికిత్సనే పీల్ అంటారు. గ్లైకాలిక్ పీల్‌ను దగ్గర నుంచి చూస్తే ఇంటికీ క్లినిక్‌కీ ఉన్న తేడా కళ్లకు కడుతుంది. తల వైపు ఎత్తుగా ఉండేలా పడుకోబెడతారు. కళ్లు మూస్తారు. కంటి మూలలు, ముక్కు పక్కలు, పెదవుల మూలల్లో పెట్రోలియం జెల్లీ పూస్తారు, యాసిడ్ జారి నిలిచిపోయేది అక్కడే. స్పిరిటో, ఎసిటోనో ముంచిన గాజుగుడ్డతో జిడ్డు తుడుస్తారు. జిడ్డు ఒకచోట మిగిలితే ఆ మేరకు యాసిడ్ దిగదు, తర్వాత ముఖం అతుకులు వేసినట్టు కనిపిస్తుంది. యాసిడ్ గిన్నెను, బ్రష్‌ను ముఖం మీదుగా దాటించరు. ఒక్క చుక్క కంట్లో పడినా ప్రమాదం కాబట్టి సెలైన్ నింపిన సిరంజి పక్కనే ఉంటుంది. నుదురు, చెంపలు, గడ్డం వరుసలో గబగబా పూసి, ముక్కు చుట్టూ చివర్లో పూస్తారు. గడియారం మొదలవుతుంది. తొలిసారి 20 నుంచి 35 శాతంతో, ఒకటి రెండు నిమిషాలు. తర్వాతి విడతల్లో సమయం పెరుగుతుంది, ఆ తర్వాతే శాతం.

ఇక అసలు పని చూడటం. చర్మం సమంగా గులాబీ రంగుకు తిరగాలి. ఏదో ఒకచోట, ముక్కు పక్కనో నిన్న గోకిన మొటిమ మీదో, బూడిద కలిసిన తెలుపు కనిపించిందా, మిగతా ముఖానికి ఇంకా సమయం ఉన్నా సరే, ఆ ఒక్కచోట వెంటనే సోడియం బైకార్బొనేట్ ద్రావణం పెట్టి ఆపేస్తారు. నురగ వస్తుంది, యాసిడ్ చచ్చిపోతుంది. గ్లైకాలిక్ దానంతట అది ఆగదు, ఆపితేనే ఆగుతుంది. ఎక్కడ ముందు ఆపాలో కనిపెట్టే కన్ను కోసమే క్లినిక్‌కి వెళ్లాలి. అద్దంలో తన ముఖం తాను చూసుకుంటూ, మండుతున్న కళ్లతో, ముక్కు పక్క రంగు మారడాన్ని ఎవరూ పసిగట్టలేరు.

సాలిసిలిక్ పీల్ ప్రవర్తన వేరు. 20 నుంచి 30 శాతం ఆల్కహాల్‌లో కరిగించి పూస్తారు. నిమిషం లోపే ఆల్కహాల్ ఆవిరై తెల్లటి పొడి మిగులుతుంది. అది సాలిసిలిక్ స్ఫటికాలే, కాలిన గుర్తు కాదు. ద్రవం ఆరిపోయాక యాసిడ్ దిగడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి తటస్థం చేయాల్సిన పని లేదు, మూడు నుంచి ఐదు నిమిషాలకు నీళ్లతో కడిగితే చాలు. జిడ్డు, మొటిమలు ఉన్న నల్లని, చామనఛాయ చర్మాలకు ఇది నమ్మదగిన పీల్. ఆస్పిరిన్ పడనివాళ్లకు, గర్భిణులకు మాత్రం వద్దు. జెస్నర్ ద్రావణం దీని దాయాది. రిసార్సినాల్, సాలిసిలిక్, లాక్టిక్ ఒక్కొక్కటి 14 గ్రాములు, 100 మిల్లీలీటర్లు అయ్యేదాకా ఆల్కహాల్. ఎన్ని పూతలు పూస్తే అంత లోతు.

ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌తో, అంటే టీసీఏతో లెక్క మారుతుంది. 10 నుంచి 25 శాతం పై పొరల్లో పనిచేస్తుంది. 35 శాతం అసలు చర్మం పైభాగం దాకా వెళుతుంది. గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడినట్టు చర్మంలోని ప్రొటీన్లు గడ్డకట్టి తెల్లని మంచు పట్టినట్టు కనిపిస్తుంది. ఆ తెలుపు ఎంత చిక్కనో లోతు అంత. పూతకూ పూతకూ మధ్య మూడు నాలుగు నిమిషాలు ఆగి చూడాలి, ఎందుకంటే తెలుపు తేలడానికి సమయం పడుతుంది. తొందరపడి రెండో పూత వేస్తే అనుకున్నదానికన్నా లోతుకు పోతుంది. ఒకసారి తెలుపు తేలాక బైకార్బొనేట్ పోసినా వెనక్కి తిప్పలేం. 50 శాతం దాటిన టీసీఏను మచ్చలు కట్టే ప్రమాదం వల్ల ముఖమంతటికీ వాడరు. ఫినాల్ పీల్ ఇంకా లోతైనది, గుండె లయను గమనించే పరికరం పెట్టి చేయాల్సిన వైద్యం అది.

మైక్రోడెర్మాబ్రేషన్‌లో వజ్రపు రజను అంటించిన కొసో, అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికాలో పై పొరను గీరుతుంటే, గాలి పీల్చే గొట్టం ఆ పొడిని లాగేస్తుంది. చర్మాన్ని బిగుతుగా పట్టి రెండు మూడు వరుసలు నడుపుతారు. ఒకేచోట ఆగితే పీల్చుడుకు చిన్న రక్తపు చుక్కలు, గీతలు పడతాయి. క్లినిక్‌లో జరిగినా ఇది తీసేది మృతకణాల పొరలో కొంత భాగమే, అంటే క్రమం తప్పకుండా వాడే ఇంటి యాసిడ్ చేసే పనికి దగ్గర. వెంటనే నునుపు కావాలనుకునేవాళ్లకు సరే. మచ్చల కోసం, గుంటల కోసం దీని మీద ఆశ పెట్టుకోవడం వృథా. డెర్మాప్లేనింగ్ కూడా అలాంటిదే. సర్జికల్ బ్లేడును 45 డిగ్రీల వాలులో పట్టి నూగు వెంట్రుకలతో పాటు పొట్టును గీస్తారు. వెంట్రుకలు తర్వాత దట్టంగా వస్తాయన్న భయం అక్కర్లేదు.

ఇంటికి తెచ్చుకోకూడనివి

క్లినిక్ మందును ఇంటికి తెచ్చుకోవడంలోనే అసలు ప్రమాదం. ఆన్‌లైన్‌లో టీసీఏ 30 శాతం, గ్లైకాలిక్ 70 శాతం సీసాలు దొరుకుతున్నాయి. 1998లో అమెరికా సౌందర్య ఉత్పత్తుల నిపుణుల సంఘం ఇంటి వాడకానికి గ్లైకాలిక్, లాక్టిక్ 10 శాతం మించకూడదు, పీహెచ్ 3.5కి తగ్గకూడదు అంది. శిక్షణ పొందిన సెలూన్ సిబ్బందికి, కాసేపు ఉంచి కడిగేసేలా, 30 శాతం, పీహెచ్ 3.0 హద్దు పెట్టింది. అంతకు మించినవి వైద్యుల చేతి పని. 2024 జులైలో ఎఫ్‌డీఏ, వైద్య పర్యవేక్షణ లేకుండా గాఢమైన పీల్స్ కొనవద్దు, వాడవద్దు అని పేరుపేరునా హెచ్చరించింది.

టీసీఏలో ఇంకో చిక్కు ఉంది. వైద్యంలో 35 శాతం అంటే 35 గ్రాముల స్ఫటికాలకు మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేలా నీళ్లు కలిపినది. వేరే పద్ధతిలో కలిపి అదే అంకె అచ్చు వేస్తే అసలు గాఢత మారిపోతుంది. ఎక్కడో కలిపిన సీసాలో ఏ లెక్క వాడారో కొన్నవాళ్లకు తెలిసే దారి లేదు.

చామనఛాయ, నల్లని చర్మాలకు ఈ హద్దులు మరీ ముఖ్యం. ఇలాంటి చర్మంలో రంగు కణాలు చిన్న మంటకే స్పందిస్తాయి. కాలిన చోట గాయం వారంలో మానిపోతుంది, నల్ల మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. మచ్చ పోగొట్టుకుందామని చేసిన పీల్ దానికన్నా పెద్ద మచ్చ మిగల్చడం సాధ్యమే. అందుకే జాగ్రత్త తెలిసిన చర్మవైద్యులు పీల్‌కు రెండు నుంచి నాలుగు వారాల ముందే రెటినాయిడ్, రంగు తగ్గించే క్రీమ్, సన్‌స్క్రీన్ మొదలుపెట్టించి చర్మాన్ని సిద్ధం చేస్తారు. రెటినాయిడ్‌ను పీల్‌కు కొన్ని రోజుల ముందు ఆపిస్తారు. మంగుకు తేలికపాటి పీల్స్‌ను రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు నుంచి ఆరు విడతలుగా చేయడమే సురక్షితమైన దారి. ఒక్క విడతలో అంతా పోగొడతామన్న మాట నమ్మదగింది కాదు.

కూర్చోబెట్టే ముందు కొన్ని విషయాలు అడగని చోటు నుంచి లేచి వచ్చేయొచ్చు. పెదవి చుట్టూ హెర్పిస్ పొక్కులు ఎప్పుడైనా వచ్చాయా? లోతైన పీల్‌తో అవి ముఖమంతా పాకగలవు, ముందే యాంటీవైరల్ మాత్రలు వేయించాలి. గాయాలు ఉబ్బెత్తు మచ్చలుగా మారే తత్వం ఉందా? గత వారంలో వాక్సింగ్ (మైనంతో వెంట్రుకలు తీయడం) చేయించుకున్నారా? మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నారా? ఆ మాత్రలు ఆపి ఆరు నెలలు ఆగాలన్న పాత నియమం తేలికపాటి పీల్స్‌కు అవసరమనడానికి తగిన ఆధారాలు లేవని 2017లో నిపుణులు తేల్చారు, అయితే లోతుగా గీరే చికిత్సలకు ఆ జాగ్రత్త అలాగే ఉంది. పీల్ చేయించుకునేవాళ్లూ కొన్ని అడగాలి: ఏ యాసిడ్, ఎంత శాతం, ఎన్ని నిమిషాలు, దేనితో ఆపుతారు, రాత్రి ముఖం వాస్తే ఎవరికి ఫోన్ చేయాలి.

తేలికపాటి పీల్ తర్వాత రెండో రోజో మూడో రోజో పొట్టు లేవడం మొదలై వారంలో ముగుస్తుంది. మొదట నోటి చుట్టూ, చివర్న నుదుటి అంచుల్లో. అసలు లేవకపోయినా పీల్ పనిచేయలేదని కాదు. వేలాడుతున్న పొరను లాగకూడదు, అడ్డొస్తే చిన్న కత్తెరతో కత్తిరించాలి. లాగిన చోట కింద ఇంకా తయారుకాని చర్మం బయటపడి, సరిగ్గా ఆ ఆకారంలోనే నల్ల మచ్చ పడుతుంది. పొట్టు పూర్తిగా పోయేదాకా యాసిడ్, రెటినాయిడ్, స్క్రబ్, ఆవిరి పట్టడం వద్దు. పెట్రోలియం జెల్లీ పలుచగా రోజుకు నాలుగైదుసార్లు, నీడపట్టున ఉండటం, చర్మం మూసుకున్నాక సన్‌స్క్రీన్. మంట తగ్గాల్సింది పోయి మూడో రోజు పెరిగినా, పసుపు రంగు పెచ్చులు కట్టినా, గుత్తులుగా నీటి పొక్కులు లేచినా, ఒకచోట ఎరుపు రెండు మూడు వారాలు దాటినా గట్టిపడి దురద పెట్టినా అదే రోజు వైద్యులకు చూపించాలి. ఆ ఎరుపు గట్టిపడటం మచ్చ కట్టడానికి తొలి గుర్తు, ఆ దశలో పట్టుకుంటే స్టిరాయిడ్ వైద్యంతో ఇంకా అదుపు చేయగలరు.